లినక్సు వేసిన పిమ్మట మెమరీ తగ్గెనా? — కంప్యూటరు ర్యాము లెక్క చూచు విధము

మన గాండ్లపెంట, కదిరి ప్రాంతములందు సహకార సంఘముల కార్యాలయములలో గాని, సభ్యుల యిండ్లలో చదువుకొను పిల్లల యొద్ద గాని పాత కంప్యూటరున్నచో, అందు విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టము ఉండుట సామాన్యము. ఆ సిస్టమునకు సాధారణముగా నిచ్చుచుండిన మద్దతును మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. దాని తరువాతిదగు విండోస్ 11 పాత యంత్రములను పెక్కింటిని అంగీకరింపదు. కనీసము 4 జీబీ ర్యామును, టీపీఎం 2.0 అను భద్రతా చిప్పును, క్రొత్త తరము ప్రాసెసరును అది కోరును. కావున చక్కగా నడచుచున్న యంత్రమును పారవేయుటకు మనసొప్పక లినక్సును వేసికొనువారు కలరు. ఇది మంచి యాలోచనయే యని మా యభిప్రాయము. ఎద్దు పనిచేయుచుండగా కాడి పాతదైనదని ఎద్దునే అమ్ముకొను రైతు ఉండడు గదా.

లినక్సును గుఱించి రెండు మాటలు చెప్పి ముందునకు పోవుదము. 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశములోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు దీనిని ఆరంభించెను. పిమ్మట లోకమందలి నానాదేశముల పనివారు తలకొక చేయి వేసి దానిని పెంచిరి. వెల లేదు, ఎవరైనను తీసికొని వాడుకొనవచ్చును, దిద్దుకొనవచ్చును, పొరుగువానికి ఈయవచ్చును. పదుగురు కూడి చేసికొను పని యెట్లుండునో సహకారులమగు మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మన దేశమున సీ-డ్యాక్ అను ప్రభుత్వ సంస్థ 2007లో బాస్ అను పేర లినక్సు కూర్పు నొకదానిని వెలువరించెను. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎంతో కాలముగా లినక్సుపైననే పిల్లలకు కంప్యూటరు నేర్పుచున్నవి. హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంస్థవారు దీనిని తెలుగులో నడపుటకు పాటుపడిరి.

ఒక హెచ్చరిక మాత్రము మొదటనే చేయుచున్నాము. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయల పథకమును మంజూరు చేసినది. అట్టి పథకము క్రింద వచ్చిన యంత్రములలో సిస్టమును కార్యదర్శి తన యిష్టము వచ్చినట్లు మార్చరాదు. జిల్లా సహకార కేంద్ర బ్యాంకు వారిని అడిగి, వారు వలదన్నచో ఊరకుండవలెను. మా పాఠము సంఘము సొంత ధనముతో కొన్న యంత్రములకును, సభ్యుల ఇండ్లలోని యంత్రములకును ఉద్దేశింపబడినది.

ఇక ఫిర్యాదు సంగతి. లినక్సు వేసిన మఱునాడే వినబడు మాట యేమనగా, “మా యంత్రములో 8 జీబీ ర్యాముండెను, ఇప్పుడు 5.8 మాత్రమే చూపుచున్నది. తక్కినదేమయ్యెను?” అని. మఱియొకరు 4 జీబీకి 2.9 మిగిలెనందురు. ఇంకొకరు ఉన్నదంతయు నిండిపోయి, ఖాళీ 0.4 మాత్రమే యున్నదని గాబరా పడుదురు. కొందఱు లినక్సు మెమరీని మ్రింగినదని దానిని తీసివేయుదురు. కొందఱు అంగడివాడు ర్యాము పలక నొకదానిని కాజేసెనని కొట్లాటకు పోవుదురు. ఇంకను కొందఱు సంఘము సొమ్ముతో క్రొత్త పలక కొనుటకు తీర్మానము వ్రాయింతురు. లెక్క చూడక పూర్వము ఈ మూడింటిలో నేదియు చేయదగినది కాదు.

నాలుగు అంకెలు, నాలుగు అర్థములు

మన గోదామును తలచుకొనుడు. గోడలు కట్టునప్పుడు మేస్త్రి చెప్పిన కొలత యొకటి. గోదాము గుమాస్తాకు ఒక మూలను గదిగా వదలి, కాటాకు చోటు విడిచి, దారికి కొంత ఉంచిన పిమ్మట మూటలు వేయుటకు దక్కిన చోటు రెండవది. ఇప్పుడు మూటలున్న చోటు మూడవది. రేపు రైతులు వేరుసెనగ మూటలు తెచ్చినచో సర్ది చూపగలిగిన చోటు నాలుగవది. “గోదాము ఎంత?” అని యడిగినవానికి ఈ నాలుగింటిలో ఏది చెప్పినను అబద్ధము కాదు. అయితే ఒకరు మొదటి అంకెను, మఱియొకరు రెండవ అంకెను చెప్పినచో వినువానికి నడుమ దొంగతనము జరిగినట్లు తోచును.

కంప్యూటరులో జరుగునదియు నిదియే. విండోస్ తన వివరముల పుటలో కొన్న ర్యామును పెద్దగా చూపును. వాడుకొనదగినది ఇంత యని దాని ప్రక్కన కుండలీకరణములలో చిన్నగా వ్రాయును. ఆ చిన్న అంకెను చదివినవారు తక్కువ. లినక్సులోని పనిముట్లు చాలవఱకు ఆ రెండవ అంకెనే, అనగా సిస్టము చేతికి వాస్తవముగా నందినదానినే, మొత్తమని చూపును. ఉదాహరణమునకు విండోస్ “8.00 జీబీ, వాడుకొనదగినది 5.9” అని చెప్పుచుండిన యంత్రమే లినక్సులో 5.8 అని చెప్పును. అందు పోయినది దాదాపు ఏమియు లేదు. కావున మీరింకను విండోస్‌ను తీసివేయకుండిన యెడల, మార్చుటకు పూర్వమే ఆ పుటను తెఱచి రెండంకెలను కాగితముపై వ్రాసికొనుడు. సగము తగవులు ఆ చీటితోనే తీరును.

మొదటి అంకెను, అనగా యంత్రములో పెట్టిన ర్యామును, తెలిసికొనుటకు రెండు దారులు. యంత్రమును ఆరంభించునప్పుడు ఎఫ్ 2 మీట గాని డిలీట్ మీట గాని నొక్కినచో బయాసు అను మూలపు అమరిక తెఱచుకొనును. అందు ర్యాము ఎంత యున్నదో వ్రాసియుండును. ఆ తెఱ కనబడునప్పటికి విండోస్ గాని లినక్సు గాని ఇంకను లేవలేదు గనుక, అందలి సాక్ష్యములో వాటి పక్షపాతమేమియు నుండదు. రెండవ దారి లినక్సులోనే కలదు. టెర్మినల్ అను నల్లని కిటికీని తెఱచి, ఎస్-యూ-డీ-ఓ అని వ్రాసి, ఖాళీ విడిచి, డీ-ఎమ్-ఐ-డీ-ఈ-సీ-ఓ-డీ-ఈ అని వ్రాసి, మఱల ఖాళీ విడిచి, అడ్డగీతయు టీ అక్షరమును, ఇంకొక ఖాళీ తరువాత మెమరీ అను ఇంగ్లీషు మాటయు వ్రాసి ఎంటరు నొక్కవలెను. అక్షరములన్నియు చిన్నబడి అక్షరములే. అప్పుడు ఏ గూటిలో ఎన్ని జీబీల పలక యున్నదో, ఏ గూడు ఖాళీయో, ఆ బోర్డు అత్యధికముగా ఎంత పట్టునో వరుసగా వచ్చును.

ఇచ్చట 8 అని వచ్చినచో ర్యాము పలకలు భద్రముగా నున్నవి, అంగడివానిని నిందింపబనిలేదు. వెదకవలసినది అమరికలలో. ఇచ్చట 4 అనియే వచ్చినచో లోపము పలకలో గాని గూటిలో గాని యున్నది, లినక్సును నిందింపబనిలేదు. ఈ ఒక్క పరీక్షతో దారి రెండుగా చీలును. దీనిని విడిచి తక్కినవన్నియు చేయువాడు చీకటిలో సూది వెదకినట్లే.

“అంతయు నిండిపోయినది” అను భ్రమ

అన్ని ఫిర్యాదులలోను ఇది తేలికగా తీరునది గనుక ముందు చెప్పుదము. టెర్మినల్‌లో ఎఫ్-ఆర్-ఈ-ఈ అను మాటను వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డగీతయు ఎచ్ అక్షరమును చేర్చి ఎంటరు నొక్కినచో ఒక చిన్న పట్టిక వచ్చును. 8 జీబీ యంత్రములో అది ఈ రీతి నుండవచ్చును: మొత్తము 7.6, వాడుకలో 2.2, ఖాళీ 0.4, బఫరు-క్యాషు 5.0, లభ్యము 4.9. చూచువాని కన్ను ఖాళీ అను గడిలోని 0.4పై పడును, గుండె జారును.

బఫరు-క్యాషు అనగా నేమి? హార్డు డిస్కు దూరపు కొట్టము వంటిది. ర్యాము ఇంటి వసారా వంటిది. గడ్డపారను కొట్టమునుండి ఒకమారు తెచ్చినవాడు పని యైన వెంటనే మఱల కొట్టములో పెట్టివచ్చునా? వసారాలో చోటున్నంతవఱకు అచ్చటనే యుంచును. రేపు మఱల కావలసివచ్చినచో నడక తప్పును. వసారాలోనికి చుట్టములు వచ్చినచో క్షణములో తీసివేయును. లినక్సు చేయునది సరిగా నిదియే. ఒకమారు డిస్కునుండి చదివిన ఖాతా పుస్తకమును ఖాళీగా నున్న ర్యాములో ఉంచుకొని, రెండవమారు అడిగినప్పుడు తటాలున చూపును. ఏదైన ప్రోగ్రాము చోటడిగినచో ఆ నకళ్లను విడిచిపెట్టును. ఖాళీగా పడియున్న ర్యామువలన కరెంటు ఆదా కాదు, వేగము రాదు.

కావున చూడవలసిన గడి చివరిది, లభ్యము అనునది. క్రొత్తగా ప్రోగ్రాములు తెఱచినచో ఎంత దొరకునో అది సుమారుగా చెప్పును. 2014లో లినక్సు మూల భాగమగు కెర్నెలులో ఈ లెక్క చేర్చబడినది. అంతకు ముందటి కాలపు వ్రాతలు చదివినవారు ఖాళీ గడిని చూచి నేటికిని భయపడుచున్నారు. పట్టికలోని అంకెలను కూడి సరిచూచు లెక్కల పిచ్చి కలవారికొక మాట: క్రొత్త కూర్పులలో మొత్తమునుండి లభ్యమును తీసివేసి వాడుకను చూపుచున్నారు, కావున వాడుక, ఖాళీ, క్యాషు మూడును కూడినచో మొత్తమునకు సరిగా రాకపోవచ్చును. అది తప్పు లెక్క కాదు.

లభ్యము అను గడిలోని అంకె నిజముగనే చాల తక్కువై, స్వాపు అను రెండవ వరుసలోని వాడుక పెరుగుచు, యంత్రము ఈడ్చుచున్నచో అప్పుడు మెమరీ కొఱత వాస్తవము. 2 జీబీ యంత్రములకిది తప్పదు. అట్టివారు ఆడంబరమగు డెస్కుటాపును విడిచి ఎక్స్ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ వంటి తేలిక డెస్కుటాపును పెట్టుకొని, బ్రౌజరులో ఒకే మారు ఇరువది పుటలు తెఱచు అలవాటును మానవలెను. మా దృష్టిలో ఈనాడు ర్యామును మ్రింగు వస్తువులలో అగ్రస్థానము బ్రౌజరుదే.

తలుపు నెంబర్లు చాలకపోవుట

4 జీబీ గాని అంతకెక్కువ గాని పెట్టిన యంత్రము 3 జీబీ దగ్గఱ నిలిచిపోయినచో కారణము చాలవఱకు 32 బిట్ల సిస్టమును వేయుటయే. పాత యంత్రము గదా యని పాత రకపు కూర్పును తెచ్చి వేయుదురు. అందుచే వచ్చిన చిక్కు ఇది.

దీని మర్మము తెలిసికొనదగినది. ర్యాములోని ప్రతి గడికిని, తలుపునకు నెంబరువలె, ఒక చిరునామా యుండవలెను. 32 బిట్ల లెక్కలో వ్రాయదగిన నెంబర్లు 4,29,49,67,296 మాత్రమే. అవి సరిగా 4 జీబీలకు చాలును. అయితే నెంబర్లు ర్యామునకే గాక తెఱను నడపు గ్రాఫిక్సు భాగమునకును, నెట్‌వర్కు కార్డునకును, బయాసునకును కావలెను. ఆ పరికరములకు పై భాగపు నెంబర్లను ముందుగనే కేటాయింతురు. ఆ నెంబర్ల వెనుకనున్న ర్యాము పోలేదు, చెడలేదు. దానిని పిలుచుటకు పేరు లేదు, అంతే. అందుచే 4 జీబీలో 3 మొదలు 3.5 వఱకే కనబడును. ఊరిలో ఇల్లుండియు తలుపు నెంబరు లేనందున జాబు చేరనివాని గతి వంటిదిది.

ఇందుకు రెండు పరిహారములు ఏర్పడినవి. ఇంటెల్ కంపెనీవారు 1995లో వెలువరించిన పెంటియం ప్రో ప్రాసెసరుతో పీఏఈ అను పద్ధతి వచ్చినది. దానిచే నెంబర్లు 36 బిట్లకు పెరిగి 64 జీబీ వఱకు అందును. 32 బిట్ల లినక్సులో పీఏఈ గల కెర్నెలు, లేని కెర్నెలు అని రెండు రకములుండెను. లేనిదానిని వేసికొన్నవారికి పై చిక్కు వచ్చును. రెండవదియు మేలైనదియు 64 బిట్ల పద్ధతి. ఏఎండీ కంపెనీ 2003లో ఇట్టి ప్రాసెసర్లను అంగడికి తెచ్చెను. కొలది సంవత్సరములలోనే ఇంటెల్ వారును అనుసరించిరి. కావున గత పదునైదేండ్లలో కొన్న యంత్రములలో నూటికి తొంబది పైచిలుకు 64 బిట్లవే యని తలచుటలో తప్పులేదు.

తెలిసికొను విధము: యూ-ఎన్-ఏ-ఎమ్-ఈ అని వ్రాసి, ఖాళీ విడిచి, అడ్డగీతయు ఎమ్ అక్షరమును చేర్చి ఎంటరు నొక్కుడు. ఎక్స్ 86, క్రింద గీత, 64 అని వచ్చినచో మీది 64 బిట్ల సిస్టము. ఈ ప్రకరణముతో మీకు పనిలేదు. ఐ 686 అని వచ్చినచో 32 బిట్లది. అప్పుడు ఎల్-ఎస్-సీ-పీ-యూ అని వ్రాసి చూడుడు. ప్రాసెసరు నడువగల పద్ధతుల వరుసలో 32 బిట్లు, 64 బిట్లు అని రెండును ఉన్నచో యంత్రము సమర్థమే, వేసిన సిస్టమే చిన్నది. 64 బిట్ల కూర్పును తెచ్చి మఱల వేసికొనవలెను. 32 బిట్ల దానిపైననే 64 బిట్లదానిని అతుకు వేయవలెనని చూచుటకంటె, ఫైళ్లను వేఱొక డిస్కులో భద్రపఱచుకొని మొదటినుండి వేయుట సుఖము. ఈ కాలమున 32 బిట్లను పట్టుకొని వ్రేలాడుటవలన లాభము లేదు. ఉబుంటు వారు 18.04 తరువాత ఆ కూర్పును మానిరి. డెబియన్ వారును 2025లో వెలువడిన 13వ కూర్పుతో దానిని పూర్తి స్థాయి రకముగా నిచ్చుట ఆపివేసిరి.

64 బిట్ల సిస్టమే యున్నను 3 జీబీ దగ్గఱ నిలిచినచో, బయాసులో మెమరీ రీమ్యాపు అను అమరిక యున్నదేమో చూడవలెను. పరికరములకిచ్చిన నెంబర్ల వెనుక చిక్కిన ర్యామునకు 4 జీబీకి పైనున్న క్రొత్త నెంబర్లనిచ్చునది అదియే. ఆపియుంచినచో తెఱువవలెను. కొన్ని మిక్కిలి పాత బోర్డులకు ఆ శక్తియే లేదు. అచ్చట 4 జీబీ పెట్టుట వృథా.

తెఱ తీసికొను వాటా

వేఱుగ గ్రాఫిక్సు కార్డు లేని యంత్రములలో తెఱపై బొమ్మను గీయు భాగము ప్రాసెసరుతోనే కలిసియుండును. దానికి సొంత మెమరీ లేదు గనుక ర్యాములో కొంత పాలు తీసికొనును. ఇంటెల్ యంత్రములలో ముందుగా కోసికొను భాగము సామాన్యముగా కొలదిపాటి ఎంబీలే. ఏఎండీ యంత్రములలో 512 ఎంబీ మొదలు 2 జీబీ వఱకును ఉండవచ్చును. మొదట చెప్పిన 8కి 5.8 అను ఫిర్యాదునకు కారణము చాలవఱకిదియే: 2 జీబీ తెఱ వాటా, తక్కిన కొంత బయాసు, కెర్నెలు పెట్టుకొను నిలువ.

ఈ వాటాను విండోస్ ఉన్నప్పుడును కోసిరి, ఇప్పుడును కోయుచున్నారు. తగ్గించుకొనగోరువారు బయాసులో యూఎంఏ ఫ్రేము బఫరు అని గాని, గ్రాఫిక్సు మెమరీ అని గాని వ్రాసియున్న చోట 2 జీబీని 512 ఎంబీకి గాని ఆటోకు గాని మార్చవచ్చును. సభ్యుల ఖాతాలు, అప్పుల పద్దులు, ఎరువుల రసీదులు వ్రాసికొను కార్యాలయమునకు 512 చాలును. ఇంటిలో పిల్లలు ఆటలాడు యంత్రమైనచో వారిని అడిగి మార్చుట మేలు. లేనియెడల మఱునాడు వేఱొక ఫిర్యాదు వినవలసివచ్చును. కొన్ని ల్యాపుటాపులలో ఈ అమరికను తయారుచేసినవారు దాచియుంచిరి, అట్టివానితో పెనగులాడబనిలేదు.

ఇవన్నియు సరిగానుండియు అంకె తక్కువైనచో మఱి రెండు చోట్లు చూడవలెను. సీ-ఏ-టీ అని వ్రాసి, ఖాళీ తరువాత వాలుగీత, ప్రాక్ అను మాటకు పీ-ఆర్-ఓ-సీ, మఱల వాలుగీత, సీ-ఎమ్-డీ-ఎల్-ఐ-ఎన్-ఈ అని చేర్చినచో లినక్సు లేచునప్పుడు దానికిచ్చిన ఆజ్ఞల పంక్తి కనబడును. అందు మెమ్ అను మాటయు సమాన చిహ్నమును ఒక అంకెయు ఉన్నచో, ఎవరో పరీక్షకై హద్దు పెట్టి తీసివేయుట మఱచిరన్నమాట. క్రాష్‌కెర్నెలు అను మాట యున్నచో, సిస్టము కూలిన వేళ కారణము వ్రాసికొనుటకై కొంత ర్యాము వేఱుగ నిలువ యుంచబడినదని అర్థము. పెద్ద సర్వర్లకది కావలెను, మన బల్లమీది యంత్రములకు అక్కఱలేదు.

పలకయే కనబడనప్పుడు

బయాసులోనే అంకె తక్కువగా నున్నచో చేతిపని చేయవలెను. లినక్సు వేయుటకై యంత్రమును కదిరికో, ధర్మవరముకో బస్సులో గాని మోటారు సైకిలుపై గాని తీసికొనిపోయి తెచ్చినప్పుడు కుదుపులకు పలక గూటిలో కొంచెము లేచుట కలదు. మన ప్రాంతపు దుమ్ము సంగతి చెప్పనేల? వేసవి గాలికి కిటికీ ప్రక్కనున్న యంత్రములో దుమ్ము అట్ట గట్టును.

కరెంటు తీగను పూర్తిగా ఊడదీసి, ల్యాపుటాపైనచో బ్యాటరీని కూడ వేఱుచేసి, మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టి విడువుడు. చేతులను ఇనుప వస్తువుపై నొకమారు ఆనించినచో ఒంటిలోని విద్యుత్తు పోవును. ఎండిన గాలిగల మా సీమలో ఇది ఊరక చెప్పు మాట కాదు. పలకకు రెండు ప్రక్కలనున్న కొక్కెములను విడదీసి పలకను తీసి, మెత్తని కుంచెతో గూటిలోని దుమ్మును దులిపి, పలక అంచునున్న పచ్చని రేకులను పొడి మెత్తని గుడ్డతో తేలికగా తుడువుడు. గరుకు కాగితముతో రుద్దరాదు. ఆ బంగారు పూత మిక్కిలి పలుచన. మఱల పెట్టునప్పుడు పలకలోని గాటు గూటిలోని మిట్టకు సరిపడునట్లు చూచి, కొక్కెములు “టక్కు” మనువఱకు నొక్కవలెను. టక్కు మనలేదనగా కూర్చొనలేదన్నమాటే.

అప్పటికిని రెండు పలకలలో ఒకటే కనబడినచో, ఒక్కొక్క పలకను ఒక్కొక్క గూటిలో పెట్టి చూచినచో చెడినది పలకయో గూడో తేలును. రెండు గూళ్లలోను కనబడని పలక చెడినది. ఏ పలకయు కనబడని గూడు చెడినది. పలక కనబడుచున్నను యంత్రము తఱచు ఆగిపోవుచున్నచో మెమ్‌టెస్టు 86 ప్లస్ అను ఉచిత పరీక్షను పెన్‌డ్రైవునుండి రాత్రంతయు నడపవలెను. తెఱపై ఎఱ్ఱని తప్పుల వరుస ఒక్కటి కనబడినను ఆ పలకను లెక్కల యంత్రములో ఉంచరాదు. ఇందులో మొహమాటము కూడదు: చెడిన ర్యాము యంత్రమును ఆపుటయే గాక, ఒక్కొక్కప్పుడు ఆపకుండ అంకెను మార్చి డిస్కుపై వ్రాయును. సభ్యుని అప్పు ఖాతాలో 12,000 అను అంకె ఏమగునో ఊహించుకొనుడు.

“మెమరీ” యనగా డిస్కని తలచువారికి

మనలో చాలమంది ర్యామును, హార్డు డిస్కును రెండింటిని మెమరీ యనియే పిలుచుచున్నారు. కాబట్టి “లినక్సు వేసితిని, మెమరీ పోయినది” అని వచ్చినవానిని ముందు ఏ మెమరీ యని యడుగవలెను. డిస్కు విషయములో నష్టము ర్యాము విషయమున కంటె ఘోరము. ర్యాము పోయినచో సొమ్ము పోవును, డిస్కు పోయినచో పద్దులు పోవును.

500 జీబీ డిస్కు 465 అని కనబడుట నష్టము కాదు. అది కచ్చా శేరు, పక్కా శేరు తగవు వంటిది. డిస్కు చేయువారు వెయ్యిని వెయ్యిచే, మఱల వెయ్యిచే హెచ్చించి ఒక జీబీ యందురు. కొన్ని సిస్టములు 1,024ను అదే రీతిని మూడుమార్లు హెచ్చించి కొలుచును. అందుచే పెద్ద శేరుతో కొలిచినప్పుడు శేర్ల సంఖ్య తగ్గును, ధాన్యము తగ్గదు. విండోస్ పెద్ద శేరుతో కొలిచి జీబీ యని వ్రాయును. లినక్సు పనిముట్లలో కొన్ని చిన్న శేరును, కొన్ని పెద్ద శేరును వాడును. పెద్దదానికి జీఐబీ యని వేఱు గుర్తు పెట్టుటయు కలదు. ఇదిగాక ఎక్స్‌టీ 4 అను పద్ధతిలో కట్టిన డిస్కులో నూటికి 5 వంతులు మామూలుగా రూట్ అను పెద్ద అధికారికై నిలువ యుంచబడును. 465లో అది 23 వఱకు వచ్చును.

విండోస్‌ను ఉంచి ప్రక్కన లినక్సు వేసికొన్నవారికి పాత డీ డ్రైవు కనబడకపోవుట కలదు. లినక్సులో డ్రైవు అక్షరములు లేవు. ఫైళ్ల కిటికీలో ఎడమ ప్రక్కనున్న డిస్కు గుర్తుపై నొక్కినచో తెఱచుకొనును. తెఱచుకొనియు వ్రాయనీయనిచో, విండోస్ పూర్తిగా ఆగక ఫాస్టు స్టార్టప్ అను సగనిద్రలో నున్నదని అర్థము. విండోస్‌లోనికి పోయి ఆ అమరికను తీసివేసి, పూర్తిగా ఆపి రావలెను. బిట్‌లాకరు తాళము వేసిన డిస్కైనచో 48 అంకెల రికవరీ తాళపుచెవి లేనిదే తెఱువరాదు. దానిని సిస్టము మార్చుటకు ముందే వ్రాసికొనవలెను. ఈ స్థితిలో నున్నప్పుడు ఎవరైన వచ్చి “ఫార్మాటు చేసిన సరిపోవును” అన్నచో వారిని ఆ యంత్రమును తాకనీయకుడు. ఫార్మాటు చేయువఱకు పద్దులు అచ్చటనే యున్నవి.

సహాయము కోరునప్పుడు “మెమరీ తక్కువగా నున్నది” అని యొక్క ముక్క చెప్పినచో ఎంతటి నేర్పరియైనను ఏమియు చేయలేడు. యంత్రపు మోడలు, బయాసులో కనబడిన ర్యాము, ఎఫ్-ఆర్-ఈ-ఈ పట్టికలోని ఆరు గడుల అంకెలు, యూ-ఎన్-ఏ-ఎమ్-ఈ ఇచ్చిన మాట, గూళ్లవారీగా పలకల వివరము — ఈ ఐదింటిని ఒక కాగితముపై వ్రాసి పంపవలెను. తెఱను ఫోనుతో ఫోటో తీసి పంపువారు ప్రక్కన తెఱచియున్న సభ్యుల ఆధారు నెంబర్లును ఖాతాలును అందు పడకుండ కిటికీలను మూసి తీయుదురుగాక. ఆ కాగితపు నకలు నొకదానిని తేదీ వేసి యంత్రము ప్రక్కను అంటించి యుంచినచో, తరువాత వచ్చు కార్యదర్శికి పలకలెన్నియో తెలియుటకు యంత్రమును విప్పబనిలేదు.